కూలి ఊళ్లలో షుగరు వ్యాధి: శిబిరం అయిపోయిన తర్వాత జరగాల్సిన పని

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ యువజన సంఘం మండలంలో ఏటా షుగరు పరీక్షా శిబిరం నడుపుతోంది, ప్రతిసారీ కొత్తవాళ్లు బయటపడుతున్నారు, వాళ్లలో ఎక్కువమంది సన్నగా ఉండే వ్యవసాయ కూలీలే. డబ్బున్నవాళ్ల జబ్బు అనుకున్నది వీళ్లకెందుకు వస్తోంది, స్పెషలిస్టు డాక్టరూ పెద్ద ల్యాబూ లేని చోట ముందుగా ఏ పని చేపట్టాలి అని అడిగారు. గ్రామీణ ప్రాంతాల్లో ఫిజీషియన్‌గా చాలా ఏళ్లుగా ఇలాంటి రోగులనే చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన పల్లెల్లో ఈ జబ్బు చేస్తున్న నష్టంలో పెద్ద భాగం, జబ్బు బయటపడిన మనిషి మూడో నెలకో నాలుగో నెలకో చికిత్స నుంచి జారిపోతే ఆ సంగతి ఎవరి దృష్టికీ రాకపోవడం వల్ల జరుగుతోంది. అందువల్ల మీ శ్రమలో ఎక్కువ భాగం శిబిరం మీద కాక, శిబిరం తర్వాతి పన్నెండు నెలల మీద పెట్టాలని నేను కోరతాను.

ఇది ధనికుల జబ్బన్న మాట మన దగ్గర ఇరవై ఏళ్ల కిందటే చెల్లిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో ముప్పై ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 13 మందికి షుగరు ఉన్నట్టు తేలింది, వాళ్లలో సుమారు సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. దేశమంతటికీ సంబంధించి 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ సర్వే ప్రకారం 10.1 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పట్టణాల్లో 16.4 శాతం, గ్రామాల్లో 8.9 శాతం అని ఆ సర్వే చెబుతోంది. గ్రామాల శాతం తక్కువే అయినా దేశ జనాభాలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు, డాక్టర్లు మాత్రం అక్కడ లేరు. అదే సర్వేలో భాగంగా 2017లో వచ్చిన ఫలితాల్లో, ఆర్థికంగా ముందున్న కొన్ని రాష్ట్రాల పట్టణాల్లో డబ్బున్నవాళ్లకంటే పేదవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా కనబడింది. ముందు కలిగినవాళ్లను పట్టుకుని, వాళ్లు జాగ్రత్తపడేసరికి పేదలవైపు మళ్లడం ఈ జబ్బు పోకడ. ప్రపంచ లెక్క కూడా ఇదే కథ చెబుతుంది. 2022 నాటికి షుగరు ఉన్న పెద్దలు దాదాపు 83 కోట్ల మంది ఉండగా, ముప్పై దాటిన రోగుల్లో సగానికి మించి, అంటే సుమారు 44.5 కోట్ల మంది ఏ చికిత్సా పొందడం లేదు, వాళ్లలో అత్యధికులు పేద, మధ్య ఆదాయ దేశాలవాళ్లే.

సన్నటి మనిషికి షుగరెందుకు అన్న మీ ప్రశ్నకు సమాధానం తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి అక్కడి పల్లెల్లోని గర్భిణులనూ, వాళ్లకు పుట్టిన బిడ్డలనూ గమనిస్తూ వచ్చింది. ఆ బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డల సగటు 3.5 కిలోలు. అయితే తగ్గిన బరువంతా కండలోనూ లోపలి అవయవాల్లోనూ తగ్గింది, ఒంటి కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. పెద్దయ్యాక కూడా ఇదే తేడా కొనసాగుతుంది. యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ సహచరుడు యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే కొలిపించుకుని 2004లో ఆ వివరాలు ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ కాబట్టి, కండ తక్కువై పొట్టచుట్టూ కొవ్వున్న మనిషి చూపులకు బక్కగా ఉన్నా లోపల చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ పనితీరు దెబ్బతినే ఉంటుంది. మీ శిబిరంలో బరువు తూచే యంత్రంతో పాటు ఒక కొలత టేపు కూడా పెట్టి నడుము కొలవమని చెప్పేది అందుకే. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, బరువు ఎంతున్నా వాళ్లను జాబితాలో చేర్చండి.

దీనికి సంబంధించి మన గడ్డమీదే జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి, ఎందుకో ఇది మనవాళ్లకు పెద్దగా తెలియదు. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలను ఎంచుకుంది. వాటిలో కొన్నిచోట్ల గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ తరహాలో పూరకాహారం అందింది, మిగతాచోట్ల ఆ కార్యక్రమం ఇంకా మొదలుకాలేదు. ఆ పిల్లలు కౌమారంలోకి వచ్చాక మళ్లీ పరీక్షిస్తే, పూరకాహారం అందిన గ్రామాల పిల్లలు కొద్దిగా ఎత్తు పెరగడమే కాక, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందనీ, రక్తనాళాల బిగువు కూడా తక్కువగా ఉందనీ తేలింది. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అంగన్‌వాడీ గుడ్డునూ పాలనూ షుగరు నివారణ పథకంగా ఎవరూ లెక్కించరు గానీ, నా దృష్టిలో ముప్పై నలభై ఏళ్ల తర్వాతి షుగరును ఆపే పని నిజంగా అక్కడే జరుగుతోంది.

ఆ తర్వాతి భాగం మనకు కళ్లెదుటే కనబడుతోంది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర తిన్న ఇళ్లలో మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యమే అన్నమైంది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, ఆకలి చూసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టలేరు, నేనూ పట్టను. అయితే పళ్లెంలో అన్నం కుప్ప పెరిగి, పప్పూ కూరా ఆ పక్కన గరిటెడు దగ్గరే ఆగిపోయాయి. 21 దేశాల్లో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములకు మించి వండిన తెల్లన్నం తినేవాళ్లకు షుగరు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది, ఆ సంబంధం అన్నిటికంటే బలంగా కనబడింది దక్షిణాసియాలోనే. దున్నకం ట్రాక్టరుకూ, కోత యంత్రానికీ పోయింది, ఒంటిపని తగ్గింది, పళ్లెంలో అన్నం మాత్రం తగ్గలేదు.

ఇక అసలు సమస్యకు వస్తాను. మన దేశంలో షుగరు ఉందని తెలిసినవాళ్లలో కూడా చక్కెర అదుపులో ఉన్నది 36 శాతం మందికే. చక్కెర, బీపీ, కొలెస్టరాల్ మూడూ అదుపులో ఉన్నవాళ్లు 8 శాతం కూడా లేరు. మందు ఖరీదైనదా అంటే, కాదు. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర జనౌషధి దుకాణంలో రూపాయిలోపే దొరుకుతుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఖర్చంతా ఇంకోచోట ఉంది. పది కిలోమీటర్ల అవతలి ఆరోగ్య కేంద్రానికి పరగడుపున రమ్మన్నారని ఒక కూలితల్లి తెల్లవారే ఆటో ఎక్కుతుంది. రక్తం ఇచ్చేసరికి పది, ఫలితం వచ్చేసరికి పన్నెండు, డాక్టరు చీటీ మీద సంతకం పెట్టేసరికి ఒంటిగంట అవుతుంది, చివరికి ఫార్మసీ కిటికీ దగ్గర పదిహేను రోజుల మాత్రలు చేతికొస్తాయి, ఒక్కోసారి స్టాకు లేదని వారం రోజులవే ఇస్తారు. ఆటో కిరాయీ, పోయిన కూలీ కలిపితే ఆమెకు ఆ ఉచిత మందు కొన్ని వందల రూపాయలకు పడుతుంది, అదీ నెలకు రెండుసార్లు. నాట్లు మొదలైన వారంలో ఆమె రాదు. ఒంట్లో ఏ బాధా లేదు కాబట్టి రానందువల్ల ఏమీ జరిగినట్టు కూడా తోచదు. మళ్లీ ఆమెను మేము చూసేది మూడేళ్ల తర్వాత, కాలి వేలు నల్లబడ్డాకో, చూపు మసకేశాకో. ఆమె నిర్లక్ష్యం చేసిందని చీటీ మీద రాస్తారు, ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పదిహేను రోజుల మాత్రలిచ్చి పంపింది మన వ్యవస్థ.

కాబట్టి మొదటి పని, నెల రోజుల మాత్రలు ఒకేసారి, ఇంటికి దగ్గర్లో చేతికందేలా చూడటం. ఇది సాధ్యమేనని బీపీ విషయంలో ఇప్పటికే రుజువైంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని తొలి విడతలో చేపట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అందులో వాడిన పద్ధతులు చాలా సాదావి. అందరు డాక్టర్లూ ఒకే మందుల వరుస పాటించడం, ముప్పై రోజుల మందు ఇవ్వడం, తర్వాతి నెలల్లో ఉపకేంద్రంలోనే మందు అందించడం, ప్రతి రోగికీ ఒక కార్డు ఉంచి రానివాళ్లను ఫోను ద్వారానో ఆశా కార్యకర్త ద్వారానో పిలిపించడం. షుగరుకు కూడా ఈ పద్ధతి అక్షరాలా సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చిన్న ఆసుపత్రుల కోసం ఇచ్చిన మందుల వరుసలో మొదట మెట్‌ఫార్మిన్, చాలకపోతే గ్లిక్లజైడ్ లాంటి మాత్ర, అదీ చాలకపోతే ఇన్సులిన్ ఉన్నాయి. రోగుల్లో ఎక్కువమందికి దీనికి మించిన వైద్యం అవసరం రాదు, స్పెషలిస్టు డాక్టరూ అక్కర్లేదు. మీ గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో, లేదా పల్లె దవాఖానాలో ఉండే నర్సు ఈ పని చక్కగా చేయగలదు, చేస్తున్నవాళ్లను నేను చూస్తున్నాను.

మీ సంఘం చేయగలిగింది రోగుల పేర్లూ మందుల వివరాలూ ఉండే రిజిస్టరుకు కాపలా కాయడం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి పరీక్షకు నమోదు చేయాలన్నది ఇప్పుడు జాతీయ కార్యక్రమంలో ఉన్నదే, ఆ వివరాలు ట్యాబులో ఎక్కుతూనే ఉన్నాయి. ఎంతమందిని పరీక్షించామన్న అంకె పైఅధికారుల సమీక్షకు వస్తుంది. ఆరు నెలల కిందట మందు మొదలుపెట్టినవాళ్లలో ఈ నెల ఎంతమంది మందు తీసుకున్నారన్న అంకెను మాత్రం అడిగేవాళ్లు అరుదు. మీరు వైద్యాధికారిని కలిసినప్పుడు ఈ ఒక్క అంకె అడగండి, ప్రతి నెలా అడగండి.

కొత్త రోగికి హెచ్‌బీఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపేది) చేయించలేకపోతున్నామని చాలామంది బాధపడతారు, అది లేకపోయినా చికిత్స నడుస్తుంది. పరగడుపు చక్కెర 126 గానీ అంతకు మించి గానీ వేర్వేరు రోజుల్లో రెండుసార్లు వస్తే జబ్బు ఉన్నట్టే, మందు మొదలుపెట్టాక పరగడుపున 130 లోపు ఉంటే చాలామందికి సరిపోతుంది. పైగా రక్తహీనత ఎక్కువగా ఉన్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగానూ, సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఎర్రరక్తకణాల జబ్బు) సమస్య ఉన్న ఏజెన్సీ ప్రాంతాల్లో తక్కువగానూ కనబడి దారి తప్పిస్తుంది. దానికి పెట్టే డబ్బుతో బీపీ యంత్రం ఒకటి మంచిది కొనండి. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, షుగరు ఉన్నవాళ్లకు బీపీని గట్టిగా అదుపుచేస్తే షుగరు సంబంధ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. రోగి చేతిలో ఉన్న చక్కెర అంకె చూసి కంగారుపడే మనం, బీపీ అంకె దగ్గర మాత్రం ఉదాసీనంగా ఉంటాం. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతమైతే మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్లకు ఆ మందు ఇవ్వకూడదు.

మాత్రల విషయంలో కూలివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటివి తిండితో సంబంధం లేకుండా చక్కెరను దించుతాయి. పొద్దున్నే మాత్ర మింగి టీ తాగి పొలానికి వెళ్లి, సద్ది పదకొండింటికి విప్పే మనిషికి మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. అది ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లుతారు, చేయాల్సింది వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించడం. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. ఈ మాత్రను గడియారం చూసి కాక మొదటి ముద్దకు ముందు వేసుకోమని చెప్పాలి. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లూ, రంజాన్ ఉపవాసాలుండేవాళ్లూ ముందుగానే వచ్చి మోతాదు మార్పించుకోవాలి.

ఇన్సులిన్ అనగానే ఫ్రిజ్ లేదన్న జవాబు వస్తుంది. మూత తీయని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం అవసరమే గానీ, వాడుకలో ఉన్న సీసాను ఇంట్లో చల్లటి చోట నాలుగు వారాల దాకా ఉంచుకోవచ్చు. కెన్యాలోని దగహలే శరణార్థి శిబిరపు వేడిని నమూనాగా తీసుకుని జరిపిన పరీక్షల్లో, 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలున్న ఇన్సులిన్ తన శక్తి కోల్పోలేదని 2021లో ప్రచురితమైంది. మన ఇళ్లలో చేయగలిగింది ఏమిటంటే, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి దానిలో ఉంచి, తడి గుడ్డ కప్పడం. పొడి గాలి ఉండే అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు ఇది బాగా చల్లబడుతుంది, ఉక్కపోత ఉండే కోస్తాలో అంతగా చల్లబడదు. ఎవరింటి ఫ్రిజ్‌లోనైనా పెట్టించుకుంటే గడ్డకట్టే అరలో పెట్టవద్దని గట్టిగా చెప్పండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. సిరంజి విషయం ఇంకా ముఖ్యం. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత సిరంజి 100 యూనిట్లదానికి. 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది ఎనిమిది యూనిట్లే, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్ వాడే ప్రతి ఇంటికీ వెళ్లి సీసా మీది అంకె, సిరంజి మూత రంగు ఒక్కసారి చూసి రావడం మీ సంఘం కుర్రవాళ్లు చేయగలిగిన పనే.

కాళ్ల పరీక్షకు కూడా పరికరం అక్కర్లేదు. రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను మన చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు. తాకినప్పుడల్లా చెప్పమనాలి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోతే స్పర్శ పోయినట్టు లెక్క. అలాంటి మనిషి పొలంలో వట్టి కాళ్లతో నడిస్తే ముల్లు దిగినా తెలియదు, కాపడం పెట్టుకుంటే చర్మం కాలినా తెలియదు. వాళ్లకు మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు ఇప్పించండి, వెనక పట్టీ ఉండాలి, లేకపోతే బురదలో జారిపోయి తీసేస్తారు. రోజూ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు అరికాళ్లు చూసే అలవాటు చేయించండి. కాలు తీసేసిన తర్వాత ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉండవచ్చు గానీ, కూలి మనిషికి కాలు పోవడమంటే ఆ ఇంటికి తిండి పోవడమే.

ఊళ్లో జరిగే ఇంకో సంగతి గురించి కూడా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకూ ఆయాసానికీ స్టెరాయిడ్ సూదులూ, పేరు తెలియని పొడులూ వాడే అలవాటు చాలాచోట్ల ఉంది. వాటి వల్ల చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది, మందులన్నీ సరిగ్గా వాడుతున్నా తగ్గదు. అదుపు తప్పిన ప్రతి రోగినీ ఈ ప్రశ్న అడగాలి, ఆర్‌ఎంపీని తిట్టకుండా అడగాలి, లేకపోతే నిజం చెప్పరు. అలాగే షుగరు ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి.

ముప్పై లోపు వయసులో బాగా బక్కచిక్కి, అతిగా దాహం, మూత్రం ఉన్నవాళ్లను మాత్రం మాత్రలతో కాలయాపన చేయకుండా జిల్లా ఆసుపత్రికి పంపండి, వాంతులో రొప్పో ఉంటే ఆ రోజే పంపండి. వాళ్లలో కొందరికి ఇన్సులిన్ లేకపోతే ప్రాణం నిలవని టైప్ 1 ఉంటుంది. మరికొందరిది చిన్ననాటి పోషకాహార లోపంతో వచ్చిన షుగరు. దీన్ని 1955లోనే జమైకాలో గుర్తించారు, 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరింది, 1999లో తీసేశారు. వెల్లూరు సీఎంసీ వైద్యుల పరిశోధనలు కూడా తోడై, అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2025లో దానికి టైప్ 5 అని పేరుపెట్టి మళ్లీ గుర్తించింది. పేదల జబ్బుకు పుస్తకంలో చోటు దొరకడానికే ఇంతకాలం పట్టింది.

తిండి గురించి సలహా ఇచ్చేటప్పుడు ఓట్స్, ఆలివ్ నూనె, బాదం పప్పులు అని రాసిన కరపత్రాలు పంచవద్దు. కొనలేని తిండి పేర్లు చెబితే మనిషి సిగ్గుపడి మళ్లీ రాడు. అన్నం మూడోవంతు తగ్గించి ఆ మేరకు పప్పు, ఆకుకూర, దొరికితే గుడ్డు పెంచమనండి, ఒక పూట జొన్నరొట్టెకో రాగి సంకటికో మారమనండి. సంకటి కూడా ఎంతైనా తినవచ్చన్న ప్రచారం తప్పు, అందులోనూ పిండిపదార్థమే ఉంది. టీలో పంచదార మానడం ఒక్కటే రోజుకు నాలుగైదుసార్లు టీ తాగేవాళ్లకు పెద్ద మేలు.

ఈ ఏడాది శిబిరానికి తేదీ ఖరారు చేసే ముందు, గత ఏడాది శిబిరంలో బయటపడినవాళ్ల పేర్లు తీయండి. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఇప్పుడు మాత్రల పట్టీ ఉందా, ఆఖరిసారి మందు ఎప్పుడు తీసుకున్నారు, ఆగిపోతే ఎందుకు ఆగింది అన్న మూడు సంగతులు రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని వైద్యాధికారి దగ్గరికి వెళ్లి, నెల రోజుల మందు మీ ఊరి ఉపకేంద్రంలోనే ఇవ్వడానికి వారంలో ఒక సాయంత్రం, కూలి పనులు ముగిశాక, కుదురుతుందేమో అడగండి. ఆ ఏర్పాటు అయ్యాక శిబిరం పెట్టండి. అక్కడ ఏ ప్రశ్న ఎదురైనా మళ్లీ రాయండి, తెలిసినంత వరకు చెబుతాను.